సాంచాలు బందున్న దినం తీసిన కొలత

"మేడం, మీ అలారం మళ్ల ఊకెనే మోగింది. మా అమ్మ బెదిరి మెట్ల మీద జారిపడ్డది. మణికట్టు ఇరిగింది. నేను వైరు పీకేసిన," అన్నడు ఫోన్ల సిరిసిల్ల బంగారం దుకాణపాయన. ఆయన లాకర్ గది గోడకు వారం కిందనే సెన్సర్ బిగించిన నేను. ఎవరన్న కన్నమేస్తే గోడ అదురును పట్టి మోగాలె అది.

కోరుట్లల బస్సెక్కిన. చందుర్తి దాటినా అలారం మంచిగున్నదని నేను సంతకం పెట్టిచ్చిన కాయితమే కండ్ల ముందట కదులుతున్నది. వైరు పీకిన గీ దినమే దొంగలు పడితే?

దుకాణంల ఆయన నన్ను తిట్టలె. కుర్చీ ఏసి, నీళ్లిచ్చిండు. ఇంకింత భయమైంది. గోడకు అరచెయ్యి ఆనిస్తే సన్నగ వణుకుతున్నది. నేను బిగించిన దినం గీ వణుకు లేదు. గోడకు అవుతల మరమగ్గాల షెడ్డు. సిరిసిల్లల వాటిని సాంచాలంటరు. పోయి అడిగితే, తెగిన పోగు ముడేస్తున్న పెద్దమనిషి తల ఎత్తకుంటనే చెప్పిండు: "నువ్వచ్చిన దినం మాకు పని బందుండె బిడ్డా."

తప్పు నాదే. చప్పుడు లేని పూట కొలిచి, రోజూ గట్లనే ఉంటదనుకున్న.

అదురు కొలిచే మీటర్ గోడకు పెట్టి కూసున్న. సాంచాలు నడుస్తుంటే తెర మీద గీత కొద్దికొద్దిగ ఊగుతున్నది, గంతే. మధ్యాహ్నం కరెంటు పోయింది. మళ్ల అచ్చి సాంచాలన్నీ ఒక్కపారి అందుకునేసరికి గీత పైకెగిరింది. అలారం మోగేది గప్పుడే!

సెన్సర్‌ను గా అదురుకు పలకకుండ మొద్దు చేసి, పీకిన వైరు మళ్ల కలిపిన. మరి దొంగ ఉలి దానికి ఇనబడుతదా? కొట్టి చూసుడే దారి. ముందుగాల మీది ఇంట్లకు పోయి, ఇప్పుడు అలారం మోగుతదని ఆయన తల్లికి చెప్పిన. పట్టీ కట్టిన చెయ్యిని ఒళ్లె పెట్టుకొని, "చెప్పినవు గద, కొట్టు బిడ్డా," అన్నది.

సెన్సర్ దగ్గర ఉలి పెట్టి సుత్తెతోని కొడితే మోగింది. గోడ ఆ చివర కొడితే ఉలుకు లేదు, పలుకు లేదు. మొద్దు చేస్తే అది వినే దూరం గూడ తగ్గింది మరి. సంచిల ఉన్న ఇంకో సెన్సర్ గూడ గట్లనే మొద్దు చేసి ఆ చివరకు బిగించి మళ్ల కొట్టిన. ఈసారి రెండు దిక్కులా మోగింది.

తెల్లారి దాక సిరిసిల్లలనే ఉన్న. పొద్దుగాల రెండుసార్లు కరెంటు పోయి అచ్చింది. రెండుసార్లూ సెన్సర్ దగ్గరనే నిలబడి చూసిన. మోగలె. గప్పటి నుంచి ఊకెనే ఒక్కసారి గూడ మోగలేదట.

ఆ తల్లి మణికట్టు బొక్క అతికింది గని, చెయ్యి మునుపటి లెక్క తిరగదు. తడిబట్ట పిండరాదు. పోయినప్పుడల్ల ఎడమ చేత్తోనే నాకు చాయ్ ఇస్తది. ఒక్క మాటన్న అనదు. అంటే బాగుండు అనిపిస్తది నాకు.