తలగడ కింద పుర్రె బొమ్మ

అక్క పుస్తకాల సంచిలో ఆ పుర్రె తల బొమ్మను వేసింది నేనే. చిన్నప్పుడు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నిన్న మా అబ్బాయి బొమ్మ పొట్లం చించగానే వచ్చిన కొత్త ప్లాస్టిక్ వాసనకు అదంతా గుర్తొచ్చింది. అమలాపురంలో మా వీధి కొట్లో కూడా అలాంటి పొట్లాలు అమ్మేవారు. లోపల ఏ వీడియోగేమ్ బొమ్మ ఉందో విప్పేదాకా తెలియదు. ఒకసారి నాకు పుర్రె తలవాడు వచ్చాడు. ఆటలో వాడు తాకితే ప్రాణం పోతుంది.

"అయిపోయేవురా! వాడు నీకోసమే వచ్చేడు," అన్నాడు పక్కింటి బాబి.

నిజమే అనుకున్నాను. బొమ్మ ఎవరి దగ్గరుంటే వాళ్ళే పోతారని, దాన్ని అక్క సంచిలోకి జారవిడిచాను.

మర్నాటికి అక్కకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసేరు. "పాపకేం కాదండీ," అని అమ్మకు ధైర్యం చెప్పేరు. ఆమెన్ అని అందరికంటే గట్టిగా అరిచి కళ్ళు తెరిస్తే, అక్క తలగడ కిందనుంచి ఆ పుర్రె నన్నే చూస్తోంది. అందరూ బయటికెళ్ళాక దాన్ని లాగి కాలవలో పారేశాను. అక్క లేచి తిరిగేదాకా నాకు అన్నం సయించలేదు.

ఇవాళ ఫోన్ చేసి అక్కకు అంతా చెప్పాను. అంతా విని ఆమె అంది:

"నీ బొమ్మల్లో ఒకటి నాకిచ్చేవని మురిసిపోయి తలగడ కింద దాచుకున్నానురా. జ్వరం కంటే అది పోయిందనే ఎక్కువ ఏడ్చేను."

"తప్పయిపోయిందక్కా, క్షమించు," అన్నాను.