ముందు కాగితం, తర్వాత మాట

మాస్టారు వెళ్ళిపోయారని మొన్న ఆదివారం అమలాపురం నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారట. "ముందురోజు సాయంత్రం పక్కింటివాళ్ళ మిక్సీ విప్పి కూర్చున్నారాంటీ. బాగుచేశాకే పడుకున్నారు" అంది. ఏడుస్తూనే ఇద్దరం నవ్వేశాం.

ఆయన బడిపంతులు కాదు, అందరం అలా పిలిచేవాళ్ళమంతే. కువైట్‌లో ఒక విశ్వవిద్యాలయంలో ల్యాబ్ టెక్నీషియన్. నేను అక్కడే పరిశోధన కార్యాలయంలో టైపిస్టుని. రెండువేలు దాటిన కొత్తలో అబూ హలీఫాలో ఒకే బిల్డింగులో ఉండేవాళ్ళం, ఆయన కారులోనే డ్యూటీకి వెళ్ళేవాళ్ళం. ఏ చప్పుడు విన్నా దాని జబ్బేమిటో చెప్పేవారు. మా లిఫ్టుకి ఉబ్బసం అనేవారు.

ఆ దేశంలో దుమ్ముగాలి లేస్తే మేడల మీది ఏసీల జల్లెడలు మూసుకుపోతాయి. మండుటెండలో మనిషి ఎక్కి, విప్పి దులపాలి. మాస్టారు పాత వాషింగ్ మెషీన్ మోటారు తగిలించి, తనంతట తానే దులుపుకునే జల్లెడ చేశారు. మా కువైటీ ప్రొఫెసర్ గారు దానికి గాలి లెక్కలు కట్టి, నిఖార్సయిన వస్తువుగా తీర్చిదిద్దారు. సబ్హాన్ పారిశ్రామికవాడలో వర్క్‌షాపు నడిపే ఒకాయన చూసి ముచ్చటపడి, "మేం తయారుచేస్తాం, ఎవర్ని అడగాలి?" అన్నాడు.

నవ్వుకోకండి, ఎవర్ని అడగాలో అంత పెద్ద విశ్వవిద్యాలయంలో ఎవరికీ తెలియదు. అలాంటి రూలే లేదు. ఈలోగా ప్రొఫెసర్ గారు విదేశీ సదస్సులో ఆ జల్లెడ గురించి మాట్లాడటానికి సిద్ధమయ్యారు. ఆ ప్రసంగం నేను టైపు చేస్తుంటే మాస్టారు చూసి కుర్చీలో కూలబడ్డారు.

"ఇదంతా అక్కడ చదివేస్తే, ఇంక మనదని చెప్పుకోడానికేం మిగుల్తాదమ్మాయ్? మా అన్నయ్య కొబ్బరిపీచు తీసే మెషీన్ చేసి, వచ్చినోళ్ళందరికీ విప్పి చూపించేశాడు. నెల తిరక్కుండా పక్కూరోడు అదే చేసి, తన పేరేసుకున్నాడు. ముందు కాగితం, తర్వాత మాట!"

తిన్నగా వెళ్ళి ప్రొఫెసర్ గారికి ఇదే చెప్పారు. ఆయన వెంటనే ఒప్పుకుని, పేటెంటు దరఖాస్తు టైపు చేయమన్నారు. కనిపెట్టినవారి పేర్లు రెండు రాశాను. న్యాయ సలహాదారు రెండో పేరు కొట్టేశాడు. "టెక్నీషియన్ జీతానికి పనిచేసే మనిషి. పైగా ఇఖామా మీదున్నవాడు. ప్రొఫెసర్ పేరు చాలు, ఖలాస్." ఇఖామా అంటే పరాయివాళ్ళని ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి కాగితం.

మాస్టారి భార్య హడలిపోయింది. "పేరు కోసం పేచీ పెట్టుకుంటే రేపు ఇఖామా ఆపేస్తే? పిల్ల చదువు మధ్యలో ఉందండీ, ఊరుకోండి" అంది. మూడో రోజు కారులో ఆయన, "అడుగుతానమ్మాయ్. నేనూరుకుంటే నా తర్వాతొచ్చినోడికీ ఇదే మాట చెప్తారు" అన్నారు.

డీన్ గారి గదిలో సమావేశం. రాసుకోవడానికి నేనూ ఉన్నాను. మాస్టారు జల్లెడను ట్రాలీ మీద తోసుకొచ్చారు. "ఇందులో నువ్వు చేసిందేమిటి?" అని సలహాదారు అడిగాడు. మాస్టారు వచ్చీరాని అరబిక్‌లో, "ఈ చట్రం ఓ పక్కకి ఎందుకు వంగుందో ప్రొఫెసర్ గారిని అడగండి సార్" అన్నారు.

ప్రొఫెసర్ గారు నవ్వారు. "నాకు తట్టలేదు. అది ఆయన ఆలోచన. గాలి లెక్క నాది. ఇద్దరి ఆలోచనకు ఒక్క పేరు రాస్తే అది అబద్ధపు కాగితం. రేపు కోర్టులో నిలవదు. నేను సంతకం పెట్టను."

మాస్టారు జల్లెడ మీద గుప్పెడు దుమ్ము పోసి మీట నొక్కారు. అది గజగజ ఊగి, దుమ్మంతా వంగిన వైపు నుంచి జారి సలహాదారు నల్లబూట్ల మీద పడింది. ఆయన బూట్లు చూసుకున్నాడు, తెల్లగా మెరుస్తున్న జల్లెడ చూశాడు, అందరికంటే ముందు తనే పకపకా నవ్వాడు.

"ఎందుకు వంగిందో అర్థమైంది. యల్లా, కానివ్వండి, రెండు పేర్లూ రాయండి."

ప్రొఫెసర్ గారు విమానమెక్కే ముందురోజే దరఖాస్తు వెళ్ళిపోయింది, రెండు పేర్లతో. ఆ నెలలోనే ఒక్క పేజీ రూలు వచ్చింది: ఆలోచన ఎవరిదైతే వారి పేరు, ఉద్యోగం ఏదైనా, దేశం ఏదైనా. బయట మాట్లాడేముందు కాగితం పరిశోధన కార్యాలయానికి రావాలి. తయారుచేస్తామని వచ్చేవారు తట్టాల్సిన తలుపూ అదే. ఆ పేజీ టైపు చేసింది నేనే. ఒక్క తప్పు పడలేదు.

ఇంకేం కావాలని డీన్ గారు అడిగితే మాస్టారు తనకంటూ ఏమీ అడగలేదు. "పిల్లల్ని వారానికో పూట ఆ సబ్హాన్ వర్క్‌షాపుకి పంపండి సార్. అది చూడనోళ్ళకి ల్యాబు సగమే తెలుస్తాది" అన్నారు. పంపారు.

ఆ పూటల్లో ఒకదానికి నేనూ వెళ్ళాను. ఆయన్ని తలచుకుంటే ఇప్పటికీ అదే కళ్ళముందుకొస్తుంది. సబ్హాన్‌లో ఆ వర్క్‌షాపు నేల మీద అట్టపెట్టెలు పరిచి, కువైటీ విద్యార్థినులూ మన ఫిట్టర్లూ గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో వేడి రొట్టెలు, మాస్టారింటి ఆవకాయ. ఒకమ్మాయి గ్రీజు చేత్తోనే ముక్క కొరికి, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, ఊపిరి కూడా తీసుకోకుండా మళ్ళీ చెయ్యి చాపుతోంది. మాస్టారు సీసా ఎత్తి పట్టుకుని, అందకుండా ఆటపట్టిస్తూ, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు.