ఫైలు అడిగిన మావయ్య

బరంపురంలో నేను పనిచేసే చేపల ఎగుమతి కంపెనీలో రికార్డు గది చూసే పెద్దాయన్ని అందరం మావయ్య అనేవాళ్లం. ఎవరికి ఫైలు ఇచ్చినా దాని అంచు వదలకుండా, "మల్లెప్పుడు తెస్తావు?" అని అడిగేవాడు.

ఐసు ప్లాంటులో గ్యాసు లీకై పక్కనున్న చమఖండి ఊరివాళ్లు ఇద్దరు చనిపోయాక, ఆ ప్లాంటు మరమ్మతుల ఫైలు మేనేజర్ తెప్పించుకున్నాడు. మావయ్య రోజూ పొద్దున్నే ఆయన గది ముందు నిలబడి ఫైలు అడిగేవాడు. మొదట్లో మేనేజర్ "కాలి దేబి" అని, రేపు ఇస్తానని ఒడియాలో నవ్వుతూ చెప్పేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు, ఫైలు మాత్రం తిరిగివ్వలేదు.

ఒకనాడు మావయ్య నన్ను పిలిచి రికార్డు గది గోడ చూపించాడు.

"సూడమ్మా, మంటలార్పే సిలిండరు అట్టుకెల్లిపోనారు. ఏటంటే, గ్యాసు నింపాలంట. మొన్నే కదా నింపినారు!"

"నాకు బయమేస్తంది మావయ్యా. సెలవెట్టి కల్లికోటలో మీ కూతురింటికి ఎల్లిపోండి."

"నానెల్లిపోతే ఈ కాయితాలు ఎవులు సూస్తారమ్మా?"

ఆ ఆదివారం మధ్యాహ్నం గది తగలబడింది. ప్లాంటు ఫైలు కూడా అందులోనే కాలిపోయిందనీ, తాళం మావయ్య దగ్గరే ఉందనీ మేనేజర్ చెప్పాడు. పోలీసులు మావయ్యనే జీపెక్కించారు. ఆయన జీపులోంచి నా వైపు తిరిగాడు.

"కోర్టులో అడిగితే నువ్వు సూసిందే సెప్పమ్మా."

చెప్తానని తలూపాను. సాక్షిగా నాకు సమన్లు వచ్చాయి. విచారణ వచ్చే సోమవారం.

నిన్న సాయంత్రం మేనేజర్ మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. కేసు మాటే ఎత్తలేదు. టీ తాగి, మా పాప ఏ బడికి వెళ్తుందో, ఏ దారిన వస్తుందో తీరిగ్గా అడిగి వెళ్లాడు.