మా కొండవంకకు మూడు రోజుల మైల

పాసయ్యాను! బి.ఏ. పాసయ్యాను, అదీ సెకండ్ క్లాసులో! పొద్దున పేపర్లో నా నంబరు చూసి నమ్మకం కుదరక, పక్కన నిలబడి పేపరు చదువుతున్న ముసలాయన చేత మళ్లీ చదివించుకున్నాను. "ఇదే కదమ్మా. అచ్చయిపోయినాక ఎవుడు చెరుపుతాడు, పో, ఇంట్లో చెప్పుపో" అన్నాడు. మా వంశంలో కాలేజీ గేటు దాటిన మొదటి మనిషిని నేను. మా నాయనకు సంతకం వరకు వచ్చు. అమ్మకు అదీ వచ్చేది కాదు.

ముందు మా మేనత్త దగ్గరికి పరిగెత్తాను. ఆమె అనంతపురం పెద్దాసుపత్రిలో ఆయా. ఈ నాలుగేళ్లూ ఆమె ఇంట్లో ఉండే చదువుకున్నాను. వార్డు మెట్ల మీదే నా నోట్లో గుప్పెడు చక్కెర కుక్కి, వచ్చేపోయే వాళ్లందరికీ వినపడేలా, "మా అన్న కూతురు బి.ఏ. అయిపోయిందంట చూడండప్పా!" అని అరిచింది. ఒక రోగి మంచం మీద నుంచే, "సూదులు కూడా ఈ పిల్లే ఏస్తాదా ఇంక?" అని అడిగాడు. "నీకైతే దబ్బనం ఏపిస్తా, పండుకో" అంది అత్త.

తర్వాత పోస్టాఫీసుకు వెళ్లి అడవిశాఖ రేంజి ఆఫీసుకు ట్రంకాల్ బుక్ చేశాను. అక్కడ చెబితే సైకిల్ మీద మనిషిని పంపి నాయనకు కబురు చేస్తారు. లైను దొరకలేదు. సాయంత్రం దాకా ఆ బల్ల మీదే కూర్చున్నాను. సంతోషంతో కూర్చున్నదాన్నే, ఎప్పుడు ఏడుపు మొదలైందో తెలియలేదు. కౌంటరులో ఆయన, "ఎవరన్నా పోయినారామ్మా?" అని మెల్లగా అడిగాడు. "లేదు సార్, పాసయినాను" అన్నాను.

మా నాయన అడవిశాఖలో వాచరు. కొండ మొదట్లో మా ఇల్లు. కొండ మీద పాతకోట, గుహలో దేవుడు, ఆ పైన ఒక పెద్ద రాతిగుండు. ఆ గుండు ఎక్కి చూస్తే కంటికి ఆనినంత మేర ఎర్రటి నేల, మధ్యలో ఎండిన చెరువులు. ఏడాది పొడుగునా జనం వచ్చేవాళ్లు. చెట్లు నరక్కుండా, పశువులు పడకుండా చూడడం నాయన ఉద్యోగం. కానీ ఆయన చేసిన ఉద్యోగం వేరు. "వచ్చినోళ్లు వచ్చినట్టే తిరిగి ఇంటికి పోవాల. అంతే" అనేవాడు.

ఎండాకాలంలో బండలు పెనంలా కాలేవి. కోడి కూసినప్పుడే ఎక్కించి, ఎండ ముదరకముందే దించేవాడు. ఆ రోజుల్లో కొండంతా ఎండిన బోదగడ్డి, అగ్గిపుల్ల చాలు. అందుకని మగవాళ్ల జేబులు వాసన చూసి, "బీడీకట్ట ఈడ పెట్టి పోప్పా, దిగొచ్చినాక తాగు. అంతలోకి నీ బీడీ యాడికీ పోదు" అని లాక్కునేవాడు. సీతాఫలాలు పండే కాలంలో పొదల పక్కన నోరు మూసుకుని నడవనిచ్చేవాడు కాదు. "గుడ్డెలుగు కూడా పండ్లకే వచ్చింటాది. మనుసులు వస్తాండారని దానికి తెలియాల. పాట పాడుకుంటా పో" అనేవాడు. పాట రాదన్నవాళ్లను ఎక్కాలైనా చదవమనేవాడు. పై కొండ నుంచి ఎలుగుబంట్ల కోసం పెద్దవాళ్లు పదమూడో ఎక్కం చదవడం వింటూ నేనూ అమ్మా నవ్వి నవ్వి చచ్చేవాళ్లం.

ఇవన్నీ జనం వినేవారు. విననిది వంక సంగతే.

వంక అంటే మా వైపు వాగు. మా ఇంటికీ కొండమెట్లకీ నడుమ దారికి అడ్డంగా ఉంటుంది. ఏడాదిలో చాలా రోజులు అది ఉత్త ఇసుక. మేకలు పడుకునేవి. టౌనువాళ్లు ఒడ్డున కానుగ చెట్ల నీడ చూసి ఆ ఇసుకలోనే చింతపులుసన్నం మూటలు విప్పేవాళ్లు. పైన గుట్టల్లో వాన పడితే మాత్రం కింద ఎండ కాస్తుండగానే నీళ్లు దూకి వచ్చేవి. అందుకని నాయన కొండవైపు ఒడ్డున కానుగ కొమ్మకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడదీశాడు. పైన మబ్బు నల్లబడితే దాన్ని కొట్టేవాడు. గంట మోగితే పైనున్నవాళ్లు పైనే, కిందున్నవాళ్లు కిందే ఆగిపోవాలి. రెండు ఒడ్డులకూ తాడు అడ్డం. అవతలి తాడు నాయనది, ఇవతలి తాడు అమ్మది.

ఒకసారి ప్యాంటు వేసుకున్నాయన ఒకడు తాడు పట్టుకుని అమ్మ మీదికి వచ్చాడు. "ఏమ్మా, ఈ జిల్లాలో తాగేదానికే నీళ్లు లేవు, కొట్టుకపోయేదానికి యాడ నుంచి వస్తాయి?"

"తాగేదానికి అడిగితే రావు సామీ, ఇట్ల నిలబడుకున్నోళ్ల కోసమే వస్తాయి" అంది అమ్మ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను తాడు వదిలాడు. కాసేపటికి వంక వచ్చింది. ఆయన చేతులు జోడించాడు, అమ్మకో వంకకో.

అయితే ఆ గంట టౌనువాళ్లకు ఒక విధంగా, మా ఊరికి ఇంకొక విధంగా వినపడేది. మా వైపు ఏడాదిలో మొదటిసారి వంక వస్తే ఆడవాళ్లు పసుపు కుంకుమలతో ఎదురు వెళతారు. నీళ్ల మొదటి నాలుక ఇసుక మీద పాకుతూ వస్తుంటే దానికి పసుపు వేసి, కళ్లకద్దుకుని, వెనక్కి వస్తారు. గంగమ్మ మన ఊరికి వచ్చినప్పుడు మొహం చాటేస్తే మళ్లీ వస్తుందా? నాయన రావద్దని కొట్టిన గంట ఊళ్లో రమ్మన్న పిలుపయింది. అది వినపడగానే పొయ్యి మీద ముద్ద కూడా వదిలి పళ్లాలు పట్టుకుని పరిగెత్తేవాళ్లు.

"గంట కొట్టేది రావద్దని మే, రమ్మని కాదు!" అని నాయన అరిచేవాడు.

"నీ గంట టౌనోళ్లకు కొట్టుకో అన్నా. మా గంగమ్మ మాకు కొత్తనా?" అని వాళ్లు.

అందరికన్నా ముందు మా అమ్మ ఉండేది. మా ఇల్లే దగ్గర. టౌనువాళ్లను తాడు ఇవతల నిలబెట్టి, తాను తాడు కింద దూరి, పసుపు వేసి వచ్చేది. అది తప్పని ఆమెకు తోచలేదు, నాకూ తోచలేదు. తాడు వచ్చినవాళ్లకు. మనం ఇంటివాళ్లం.

నేను ఎనిమిదో తరగతికి వచ్చేసరికి వరసగా రెండు సంవత్సరాలుగా వంక రానేలేదు. వేరుశనగ మొలిచి మాడిపోయింది. ఊరు సగం బళ్లారి వైపు కూలికి పోయింది. ఆశ్వయుజంలో ఒక శనివారం, కొండ నిండా జనం ఉన్నప్పుడు, గంట మోగింది. అమ్మ ఇంట్లోంచి పళ్లెంతో వచ్చింది. మొహమంతా వెలిగిపోతూ ఉంది. వాకిట్లో నన్ను చూసి, "వస్తాండాదే అమ్మీ, వస్తాండాది!" అంది. తాడు కట్టింది. జనాన్ని వెనక్కి నెట్టింది. తాడు కింద దూరింది.

అవతల ఒడ్డు నుంచి నాయన, "మే! వద్దు! ఎనక్కి పో!" అని అరిచాడు. ఆయనకు శబ్దం తేడాగా వినపడిందట. అమ్మ చెయ్యెత్తి, "ఒగ నిమిసం, పసుపేసి వస్తా" అంది.

నీళ్లు నాలుకలా రాలేదు. గోడలా వచ్చాయి.

ఆ సాయంత్రం చెరువు నిండింది. చెరువులోకి వంక కలిసే చోట, తుమ్మచెట్ల మధ్య అమ్మ దొరికింది. మమ్మల్ని పలకరించడానికి ఊరంతా వచ్చింది. అందరి కాళ్లకూ తడిమట్టి. ఏడుస్తున్నారు, నిజంగానే ఏడుస్తున్నారు, కానీ ఆ మట్టిని ఎవరూ కడుక్కుని రాలేదు. రెండేళ్ల తర్వాత కాలికంటిన తడిని కడుక్కోవడానికి మనసొప్పలేదేమో. ఆ ఏడాది పంట బాగా పండింది. మేమూ ఆ పంటే తిన్నాం.

"మీయమ్మను గంగమ్మ పిలుచుకున్యాది బిడ్డా. మీయమ్మే గంగమ్మ" అన్నారు ఆడవాళ్లు. వంక ఒడ్డున ఒక రాయి నిలబెట్టి పసుపు పూశారు. నాకది నచ్చింది. బడికి పోతూ రోజూ ఒక తంగేడు పువ్వు పెట్టేదాన్ని. రాయితో మాట్లాడేదాన్ని కూడా.

మరుసటి ఏడు గంట మోగినప్పుడు ఎన్నడూ రానంతమంది వచ్చారు. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. అమ్మ నిలబడిన చోటే నిలబడి పసుపు వేయాలని ఇసుకలోకి దిగారు. నాయన గంట వదిలేసి అడ్డం పరిగెత్తాడు. ఒక నిండుచూలాలిని కొప్పు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చాడు. ఆమె వెనకే వంక వచ్చింది. ఆమె అత్త నాయన్ని తిట్టిన తిట్లు నీళ్ల హోరులో కూడా వినపడ్డాయి.

మర్నాడు నాయన ఊళ్లోకి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. రచ్చబండ మీద ఊరి పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నాయన అరుగు దగ్గర నిలబడి అందరికీ వినపడేలా చెప్పాడు. "మా ఆడమనిసి ఆ నీళ్లల్లో పోయింది. ఆ వంకకు మైల. నీళ్లు వచ్చిన దినం ముట్టరాదు, మర్నాడూ ముట్టరాదు. మూడోదినం దాటినాక పసుపేసుకోండి."

పెద్దాయన నవ్వాడు. "గంగమ్మకు మైల యాడిదిరా? ఊరందరి మైల కడిగేదే ఆ తల్లి కదా!"

"చచ్చినదాని మొగుణ్ణి నేను చెప్తాండా. నిన్న వంకలో దిగినోళ్లు చూసినారు కదా, కడుపుతో ఉండే పిల్లను గూడా ఇడిసిపెట్టేది కాదు. మైల తొక్కితే ఊరికే పోతాదా?"

ఎవరూ నవ్వలేదు ఈసారి. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాయన అక్కడి నుంచి తిన్నగా వంక దగ్గరికి వచ్చి, ఆ రాయిని పెకలించి, పసుపు కడిగి, దూరంగా దొర్లించాడు.

నేను ఆయన మీద పడి గుద్దాను. "ఊరంతా అమ్మను గంగమ్మ అంటాంటే, నువ్వు మైల అంటావా నాయనా? నువ్వే అంటావా?"

నాయన నా చేతులు పట్టుకోలేదు. గుద్దనిచ్చాడు. "గంగమ్మ అంటే జనం వస్తారు అమ్మీ. మైల అంటే రారు."

"మరి అమ్మ?"

"మీయమ్మ నన్ను ఎరుగును" అన్నాడు. అంతే. దాని గురించి మా మధ్య మళ్లీ మాట రాలేదు.

జనం నిజంగానే రాలేదు. గంట మోగితే ఆడవాళ్లు వాకిళ్లలోనే నిలబడి కొండవైపు చూసేవాళ్లు. మూడో రోజు దాటాక, నీళ్లు తేటపడి పాదాలు మునిగేంత పారుతున్నప్పుడు పళ్లాలతో వచ్చేవాళ్లు. అప్పటి నుంచి మా వంకలో ఒక్కరూ పోలేదు. కానీ అమ్మ పేరు ఊళ్లో మంచి పొద్దుల్లో నోటికి రాకుండా పోయింది. నేను పెద్దమనిషినైనప్పుడు పాటలో తల్లి పేరు కలపవలసిన చోట ముత్తైదువలు ఒకరినొకరు చూసుకుని ఆ చరణం దాటేశారు. పెదనాన్న మనవరాలికి ఆ పేరు పెడతామంటే, "వద్దులేప్పా" అన్నారు. నేను కాలేజీకి బస్సెక్కేటప్పుడు, "మీ నాయన పేరు నిలబెట్టు" అని దీవించారు. ఎవరి మనసులోనూ చెడు లేదు.

పోయిన ఏడాది సెలవుల్లో ఇంటికి వెళ్లాను. పైన మబ్బు పట్టి ఉంది. ఊళ్లో ఒక అవ్వ, ఒకప్పుడు అమ్మ వెనకే పళ్లెంతో పరిగెత్తినామె, నా చెయ్యి పట్టుకుంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు. "ఏమ్మీ, పెద్ద సదువు సదువుతాండావు. నువ్వే చెప్పు. మీయమ్మ దేవతమాదిరి మనిసి. ఆమె పోయిన నీళ్లకు మైలేంది? ఎదురుపోయి పసుపేస్తే ఏమయితాది?"

అందరూ నా నోటి వైపు చూశారు. ఒక్క మాట చెబితే చాలు, ఆ సాయంత్రానికే రాయి మళ్లీ లేచేది. పసుపు మళ్లీ పూసేవాళ్లు. అమ్మ పేరు మళ్లీ పాటల్లోకి వచ్చేది. చదువుకున్న పిల్ల చెప్పిందని నమ్మేవాళ్లు కూడా. అవ్వ కళ్లలో ఎంత ఆశ ఉందో నాకిప్పటికీ కనపడుతోంది. కొండ మీద మబ్బు కూడా కనపడుతోంది.

"మైలే అవ్వా" అన్నాను. "మూడు దినాలు ముట్టగూడదు."

అవ్వ నా చెయ్యి వదిలేసింది. నేను ఇంటికి వచ్చే లోపలే గంట మోగింది. ఎవరూ వాకిలి దాటలేదు.

పోస్టాఫీసువాళ్లు లైను రేపటికి గానీ దొరకదన్నారు. ఇంటికి వచ్చేసరికి అత్త పాయసం చేసి ఉంచింది. తింటూ లెక్క చూసుకున్నాను. ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు వీళ్లు:

రేంజి ఆఫీసు గుమాస్తా. నాయనకు కబురు పంపమనాలి, గట్టిగా చెప్పమనాలి, ఈ మధ్య చెవి తగ్గింది.

మా హైస్కూలు హెడ్మాస్టరు. సెకండ్ క్లాసని మొదటే చెప్పాలి.

రాయదుర్గంలో మేనమామ, ఆయన పనిచేసే బట్టలకొట్టుకు. ఆయన ఒక్కడే "మా అక్క కూతురు" అని అందరికీ చెప్పుకుంటాడు. చెప్పుకోనివ్వాలి.

మా ఊరి వేరుశనగ మిల్లు. అక్కడ చెబితే ఊరంతటికీ తెలుస్తుంది. వాచరు కూతురు పాసయిందని చెప్పాలి. అమ్మ పేరు చెప్పకూడదు. వానలు దగ్గరికొచ్చాయి.