అధ్యక్షురాలు అనే మాట

ఆ రోజు పొద్దున పాల డెయిరీ ముందర నేనొక అబద్ధం చెప్పాను. బంగారుపేట దగ్గరి మా పంచాయతీకి అధ్యక్షురాలైన ఆమె, పాలు పోసి, ఖాళీ క్యాను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అయివారూ, మీ తోటి మెంబర్లంతా కలిసి నన్ను దించేస్తారంట. మా అమ్మోళ్ల ఊర్లో సర్పంచిని జనమే ఓట్లేసి గెలిపిస్తారు. వార్డు మెంబర్లు ఎంత గింజుకున్నా కదిలించలేరు. ఈడా అంతే కదా?"

ఆమె పుట్టిల్లు కుప్పం పక్క. సరిహద్దు దాటితే చట్టం మారుతుంది. అక్కడ సర్పంచిని ఊరు నేరుగా ఎన్నుకుంటుంది. మా కర్ణాటకలో ఊరు మెంబర్లను ఎన్నుకుంటే, మెంబర్లు తమలో ఒకరిని అధ్యక్ష కుర్చీలో కూర్చోబెడతారు. వాళ్ల నమ్మకం పోతే కుర్చీ పోతుంది. రాబర్ట్‌సన్‌పేట బడిలో అయివారిగా రిటైరయ్యేదాకా నేను చెప్పిన పాఠమే ఇది. అమెరికా అధ్యక్షుడికి గడువు ముందే ఖాయం. మన ప్రధాని మాత్రం ప్రతిపూటా సభ నమ్మకం మీద బతకాలి. చెడ్డవాణ్ని దించడానికి ఐదేళ్లు ఆగనక్కర్లేదు కాబట్టి మన పద్ధతే మేలని పిల్లలకు చెప్పేవాణ్ని. మంచివాళ్లను కూడా అంతే సులువుగా దించవచ్చని ఎన్నడూ చెప్పలేదు.

ఇదంతా తెలిసే ఆమెతో అన్నాను: "అధ్యక్షురాలంటే ఏమనుకున్నావమ్మా? అమెరికాలో ఉండేది కూడా అధ్యక్షుడే. గడువు తీరేదాకా నిన్ను ముట్టేవాడు యాడుండాడు?"

ఆమె మొహం తేటబడింది. "బతికించినారు. ఇంగ వాళ్ల కాళ్లు పట్టుకునే పని లేదు."

అప్పటికే అవిశ్వాసం కాగితం మీద మెంబరుగా నా సంతకం ఉంది. పంచాయతీ బోరు నీళ్లు మొదట దిగువ వీధికే వదలాలని ఆమె పట్టుబట్టింది. పై వీధిలోని మా ఇళ్లకు ఆలస్యమయ్యేది. పైకి చెప్పుకున్న కారణం అది. నా కారణం ఇంకా నీచమైనది. ఒక మీటింగులో నేను చట్టం గురించి సాగదీస్తుంటే, "అయివారూ, ఇంగ చాలు, కూర్చోండి" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వును నేను మనసులో పెట్టుకున్నాను.

నోటీసు వచ్చినా ఆమె ఎవరి గడపా తొక్కలేదు. ఇద్దరు మెంబర్లు ఊగిసలాడుతున్నారు. ఆమె వెళ్లి ఒక్క మాట అడిగి ఉంటే వెనక్కి తగ్గేవాళ్లే. ఆ ఒక్క మాట అడగనీయకుండా చేసింది నేను.

మీటింగు నాడు పైనుంచి వచ్చిన అధికారి, అవిశ్వాసానికి ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు. నేను లేచి ఇది చెల్లదంటానని ఆమె నా వైపే చూస్తూ ఉంది. నేను చెయ్యెత్తాను.

"ఏమక్కా, అమెరికాకు ఫోను చేసేదా?" అన్నాడొక మెంబరు. డెయిరీ దగ్గరి మాటను నేనే వాళ్లకు వేడుకగా చెప్పి ఉన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె ఇంకా పూర్తిగా లేవకముందే అటెండరు కుర్చీ మీది తువ్వాలు లాగేశాడు.

గుమ్మం దగ్గర ఆగి ఒక్కటే అడిగింది. "మీరు తెలిసే చెప్పినారా?"

తల తిప్పుకున్నాను.

మరుసటి రోజు నుంచి నీళ్లు మా వీధికి ముందు వచ్చాయి. దిగువ వీధి కొళాయి దగ్గర ఆడవాళ్లు ఖాళీ బిందెలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. బస్సు కోసం నేను ఆ దారినే పోవాలి. నేను కనబడగానే మాటలు ఆపేసేవాళ్లు.

ఆ తర్వాతి గ్రామసభలో లేచి, జరిగినదంతా ఊరి ముందర చెప్పాను. "అయివారికి వయసైపోయిందప్పా" అని తోటి మెంబర్లు ఇకిలించారు. ఆమె మాత్రం లేచి నిలబడింది.

"ఇప్పుడు నిజం చెప్తే కుర్చీ వెనక్కొస్తాదా?"

"రాదమ్మా."

"మరి మీ నోరు కడుక్కునేదానికి కూడా మా వీధి నీళ్లేనా, అయివారూ?"

మెంబరు పదవికి రాజీనామా ఇచ్చాను. ఆ స్థానానికి ఎన్నిక వచ్చినప్పుడు ఆమె తన పక్షాన దిగువ వీధి మనిషిని నిలబెట్టింది. నన్ను గెలిపించిన పై వీధిలోనే ఆ మనిషి కోసం ఇంటింటికీ తిరిగాను. ఓటు అడిగే ముందు, ప్రతి గడప దగ్గరా నేను చేసిన మోసం చెప్పాను.