కాలవ గట్టు మీద నా వాదన

నోరు తెరిచి సొంత నాన్న పొలానికి దారి మూసేసిన మనిషి ఉంటాడా అని మీకు అనుమానముంటే, నన్ను చూడండి. అదీ కోర్టులో, జడ్జిగారి ఎదుట, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ మూశాను.

కంకిపాడు దగ్గర మా పొలానికి సాంబయ్యగారి చేలోంచి బండి దారి ఉండేది. ఆయన దానికడ్డంగా కంచె వేశారు. కింది కోర్టులో మేం ఓడిపోయాం. దారి లేకపోతే పండిన ధాన్యం బయటికి రాదు. చివరికి ఆ పొలాన్ని సాంబయ్యగారికే, ఆయన చెప్పిన ధరకి అమ్ముకోవాలి. నాన్న ఆ మాట పైకి అనలేదు గానీ, అన్నం ముందు ప్రార్థన చేసుకుంటూ కళ్ళు తెరవడం మర్చిపోయేవాడు.

అప్పీలుకి అనుభవమున్న లాయర్ని పెట్టుకోమని అందరూ చెబితే విజయవాడలో సుగుణగారి దగ్గరికి వెళ్ళాం. అప్పీళ్ళలోనే తల నెరిసిన మనిషి. నాకు మాత్రం ఆవిడ నచ్చలేదు. లాయరంటే కోర్టు కిటికీలు అదరాలని నా నమ్మకం. ఆవిడ మాట పక్క కుర్చీకే సరిగ్గా వినపడదు. కాగితాలన్నీ చదివి, అప్పీల్లో కొత్త సాక్ష్యాలు మామూలుగా ఉండవనీ, కింద రికార్డయినదాని మీదే వాదించాలనీ చెప్పారు. నావైపు తిరిగి, "నువ్వు రావచ్చు బాబూ. నోరు మాత్రం తెరవకు" అన్నారు.

వాయిదా రోజున అవతలి లాయరు ఉరిమాడు. సుగుణగారు పేజీలు తిప్పుతూ నెమ్మదిగా చదివారు. ఆ దారి లేకపోతే పొలం పక్కనున్న కాలవ గట్టు మీంచి ట్రాక్టరు పోదా అని జడ్జిగారు అడిగారు. ఇరుకండీ, పోదు అన్నారావిడ. అక్కడితో సరిపోయేది. కానీ ఆ గట్టు మీద ట్రాక్టరు నడిపినవాడు మా ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. వాడు వెనక బెంచీలోంచి లేచి నిలబడ్డాడు.

"పోద్దండీ. నేను నడిపాను. అందరివల్లా కాదనుకోండి."

నడిపిన మాట నిజమే. వేసవిలో, ఖాళీ ట్రాక్టరుతో, ఎవరూ చూడనప్పుడు. ఆ వివరాలు చెప్పాలని అప్పుడు తట్టలేదు. అవతలి లాయరు నన్ను తప్పిపోయి దొరికిన కొడుకుని చూసినట్టు చూశాడు. నాన్న తల దించుకున్నాడు.

సుగుణగారు వెనక్కి కూడా తిరగలేదు. కోర్టు తరఫున ఎవరినైనా పంపి ఆ గట్టు చూడమనీ, ఈ అబ్బాయే ధాన్యం లోడుతో నడుపుతాడనీ మనవి చేశారు. అవతలివాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు.

బయటికొచ్చాక, గట్టు చూడ్డానికొచ్చే రోజున కావాలనే సగంలో ఆపేస్తానని ఆవిణ్ణి బతిమాలాను.

"నటించావంటే కేసు వదిలేస్తాను. నీకు చేతనైనంత బాగా నడుపు."

నాన్న కూడా అదే మాట మీద ఉన్నాడు. "దేవుడి ముందు అబద్ధం వద్దురా. ఎట్టా అయితే అట్టా అవుద్ది."

అనుకున్న రోజు రానే వచ్చింది. కోర్టు పంపిన కుర్ర లాయరు టేపుతో గట్టు కొలుచుకున్నాడు. ఊరంతా కాలవకి అటూ ఇటూ నిలబడింది. నిదానంగానే బయల్దేరాను. ఇంతలో ఫోన్లు పైకి లేచాయి. కోర్టులో లేచి మాట్లాడింది వీడేనట అని ఎవరో అన్నారు. కంచె, కేసు, నాన్న, అన్నీ నా బుర్రలోంచి ఎగిరిపోయాయి. ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చేత్తో జుట్టు సర్దుకుని, ఫోన్లవైపు చూసి నవ్వాను.

ముందు చక్రం జారింది. ట్రాక్టరు, దాని వెనక ట్రక్కు, బస్తాలు, నేను, అందరం కాలవలో ఉన్నాం.

నెత్తిమీద గుర్రపుడెక్క ఆకులతో తేలాను. నాన్న చెయ్యిచ్చి లాగి, చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"కావాలని పడ్డావా?"

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "లేదు నాన్నా. నిజంగానే పడ్డాను."

"దేవుడికి స్తోత్రం" అన్నాడు నాన్న. ఎన్నో నెలల తర్వాత ఆయన మొహంలో నవ్వు చూశాను. నాకు ఏడుపొచ్చింది.

అప్పీలు గెలిచాం. కంచె తీశారు. పడతానని ముందే ఎలా తెలిసిందని సుగుణగారిని అడిగాను.

"కోర్టులో లేచినప్పుడు నువ్వు జడ్జిగారిని చూడలేదు బాబూ. నిన్ను ఎవరెవరు చూస్తున్నారో చూశావు. అట్లాంటివాళ్ళు గట్టు చూడరు."

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. లాయరు మాట్లాడుతుండగా కోర్టులో ఇక లేవను. ట్రాక్టరు మీదుండగా నన్నెవరు చూస్తున్నారో చూడను. ఈ రెండో ప్రమాణం మీద నాన్నకి అంత నమ్మకం కుదరలేదు. తాళంచెవి ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంది.