సూదుల పెట్టెలో ఇంకొక్కటి తక్కువ

ఆయనకున్న జబ్బు ఒక్కటే. ఏ పనైనా మొదలుపెట్టే ముందు "అంతా బాగుంది గానీ, ఇంకొక్కటి తక్కువైంది" అంటాడు. ఆ ఒక్కటీ తెచ్చాక మరొకటి తక్కువవుతుంది. అది తెచ్చేసరికి అసలు పనితో అవసరమే తీరిపోతుంది. అందుకే ఎరిగినవాళ్లందరూ ఆయన్ని 'ఇంకొక్కటిగారు' అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, ఇప్పుడది కరెంటు బిల్లు మీద తప్ప ఎవరి నోటా లేదు.

చేసేది లిఫ్టుల తనిఖీ. దేవుడు ఒక్కోసారి మనిషికి కొలతలు తీసి మరీ ఉద్యోగం కుట్టిస్తాడు. ఏ భవనానికి వెళ్లినా మొదటి రాకలో ఆయన సంతకం పెట్టిన పాపాన పోలేదు. తాళ్లు చూసి, తలుపులు చూసి, బ్రేకులు చూసి, ఇక గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకునే వేళకు మెడ పక్కకు వంచి "ఇంకొక్కటి..." అనేవాడు. ఆరో అంతస్తులో ఉండే ఒక భారీ లాయరు ఆయన పుణ్యమా అని మూడు నెలలు మెట్లెక్కి పదకొండు కిలోలు తగ్గాడు. లాయరు నోటీసు పంపించాడు. వాళ్లావిడ పండ్ల బుట్ట పంపించింది.

ఒకసారి భార్యాభర్తలిద్దరూ సముద్రం చూడ్డానికి బయల్దేరారు. గొడుగులు, టార్చిలైటు, దూది, దారపు ఉండ, విడి చెప్పులు అన్నీ సర్దారు. రైలు కూత వేసి కదిలే సమయానికి ఆయన ప్లాట్‌ఫారం మీది కొట్లో ఇంకొక్క తాళంకప్ప కొంటున్నాడు. ఆవిడ ఒక్కతే వెళ్లి చూసొచ్చింది.

"ఎలా ఉంది సముద్రం?" అనడిగాడు, తాళంకప్ప చేత్తో పట్టుకునే.

"మీరు తప్ప అన్నీ ఉన్నాయి" అంది.

ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్ల కళ్లముందు అద్దాలు మారుస్తూ "ఇది నయమా? ఇదా? ఇప్పుడు?" అని అడగడమే పని. వందలమంది ఇష్టాయిష్టాలు రోజూ అంత ఓపిగ్గా కనుక్కునే మనిషిని, నీకేం కావాలని అడిగినవాళ్లు మాత్రం లేరు. అడిగినా ఆవిడ చెప్పేది కాదు. ఎందుకంటే కావలసింది అలాంటిది.

సూదులు కావాలి. కుట్టుపనికి కాదు, జబ్బుకు కాదు. తనకు ఇష్టమైన మనిషి చేతిలోంచి ఒక సన్నటి సూది వీపు చర్మంలోకి పైపైన దిగి, కాసేపు అక్కడ ఆగాలి. అంతే. ఇద్దరు పెద్దవాళ్లు ఒకరినొకరు అడిగి, ఒప్పుకుని, శుభ్రంగా జాగ్రత్తగా ఆడుకునే ఆట అదొకటి లోకంలో ఉందని ఆవిడ చదివి తెలుసుకునేటప్పటికి ముప్పై దాటాయి. 'హమ్మయ్య, నేనొక్కదాన్నే కాదన్నమాట' అనుకుంది. ఆ తర్వాత కూడా పన్నెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. తల దువ్వుకుంటూ దువ్వెన పళ్లను అరచేతికి ఆనించి, కళ్లు మూసుకుని, ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడి జడ వేసుకునేది.

చివరికి ఒక ముసురు పట్టిన ఆదివారం ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, కాలరుకేసి చూస్తూ, కాలరుతోనే మాట్లాడుతున్నట్టు మొత్తం చెప్పేసింది. చెప్పడం పూర్తయ్యేసరికి కాలరు మాడింది.

ఆయన లేచి ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టేశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు.

"ఏమేం కావాలో చెప్పు. రాసుకుంటా."

ఆ మాటకు ఆవిడకు కళ్లనీళ్లొచ్చాయి. పెన్ను తీసినప్పుడే ప్రమాదం పసిగట్టాల్సింది.

మర్నాడే ఒక స్టీలు పెట్టె వచ్చింది. దాంతోపాటు సామాన్ల జాబితా, గోడకు అంటించేంత పొడుగున. మందుల షాపుకు ఇద్దరూ కలిసే వెళ్లారు. ఆవిడ దగ్గుమందు సీసా ఒకటి తీసుకుని, దాని మీద రాసిన సన్నక్షరాలు మొత్తం చదవడంలో మునిగిపోయింది.

"సీలు తీయని సూదులు కావాలండీ. ఉన్నవాటిలో బాగా సన్నవి. దేనికదే విడి ప్యాకెట్లో ఉండాలి" అన్నాడాయన, లిఫ్టుకు స్పేరుపార్టులు అడిగే గొంతుతో.

"ఎవరికి సార్?" అన్నాడు షాపతను.

"మా ఆవిడకి."

"షుగరా?"

"కాదు."

"బీ-ట్వెల్వా?"

"కాదండీ."

"మరి దేనికి సార్?"

"ఇష్టం" అన్నాడాయన.

దగ్గుమందు సీసా వెనక ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. వెనక నిలబడ్డ పెద్దాయన తన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఏం జరుగుతుందోనని ఒకడుగు ముందుకేశాడు. షాపతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నెమ్మదిగా బల్ల మీదికి వంగి అన్నాడు.

"అయితే చేతి తొడుగులు కూడా తీసుకోండి సార్. వాడిన సూదులు వేయడానికి గట్టి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, అదీ పట్టుకెళ్లండి. చెత్తబుట్టలో పడేయకూడదు. ఒకసారి వాడింది రెండోసారి వాడకూడదు. నిండాక డబ్బా నాకే తెచ్చివ్వండి."

ఇంకొక్కటిగారు అతని చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. ఇంతకాలానికి తన భాష మాట్లాడే మనిషి దొరికాడు.

ఇక మొదలైంది ఆదివారాల తంతు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ తెరలు దించి, పెట్టె తెరిచి, జాబితా ప్రకారం లెక్క చూడటం. చర్మం తుడిచే స్పిరిట్ దూది పొట్లాలున్నాయి, గాజుగుడ్డ ఉంది, పట్టీలున్నాయి, ఉతికిన దుప్పటి ఉంది. ఆవిడ జడ ముందుకు వేసుకునేది. సరిగ్గా అప్పుడే ఆయన ముఖం పాలిపోయి, మెడ పక్కకు వంగేది.

"ఇంకొక్కటి తక్కువైంది."

ఒక వారం తగినంత వెలుతురు లేదని టేబుల్ లైటు. ఒక వారం లైటు కాలు కదులుతోందని చెక్కముక్క. ఒక వారం ఎన్ని సూదులు పెట్టామో అన్నీ తిరిగొచ్చాయా అని రాయడానికి పుస్తకం. తర్వాత వారం ఆ పుస్తకానికి అట్ట. ఆవిడ రక్తం పలచబడే మాత్రలేవీ వేసుకోవడం లేదని డాక్టరు చేత చెప్పించుకున్నాడు. ఇద్దరూ ధనుర్వాతం టీకాలు వేయించుకోవడం మిగిలిందని, ఆవిణ్ని ముందు పంపాడు. నొప్పెక్కువైతే ఆపమని చెప్పడానికి ఒక మాట అనుకోవాలన్నాడు.

"'ఆపండి' అంటే సరిపోదా?" అంది ఆవిడ.

"సరిపోతుంది. కానీ మాట రాకపోతే?"

"చెయ్యెత్తుతాను."

"చెయ్యి రాకపోతే?"

"ఏవండీ, నాకు మాటా చెయ్యీ రెండూ పడిపోతే అప్పుడు కావాల్సింది అంబులెన్సు."

"బాగా గుర్తుచేశావు" అని నంబరు రాసుకున్నాడు.

ఇలా ఏడు నెలలు గడిచాయి. మొదట కొన్న స్పిరిట్ దూది పొట్లాల గడువు తేదీ దాటిపోయి మళ్లీ కొనాల్సొచ్చింది. ఆవిడకు నవ్వు రావడం ఎప్పుడో మానేసింది. శనివారం సాయంత్రానికి ఒంట్లో ఏదో తీగ బిగిసేది. ఆదివారం మధ్యాహ్నానికి అది వదులై వేలాడేది. స్నానం చేస్తూ అద్దంలో తన భుజం వెనక చూసుకుని, అక్కడేదో ఉండాల్సింది లేనట్టు వేలితో తడుముకునేది. సోమవారం దుకాణంలో కూర్చుని జనానికి అక్షరాలు చూపిస్తూ ఆలోచించేది. 'వద్దని అనలేక ఇలా వాయిదా వేస్తున్నారేమో. మంచి మనిషి, ముఖం మీద కొట్టలేడు. అడగరానిది అడిగి ఆయన్ని ఇరకాటంలో పెట్టాను.' పెన్ను తీసిన ఆ నిమిషాన్ని తలుచుకుంటే మాత్రం అది నమ్మడానికి మనసు ఒప్పుకునేది కాదు.

చివరికి నిర్ణయించుకుంది. ఈ ఆదివారం పెట్టె తెరవకముందే "పోనీలెండి" అనేయాలి. తేలిగ్గా అనాలి. ముఖం మామూలుగా ఉండాలి. దుకాణంలో అద్దం ముందు నాలుగుసార్లు సాధన కూడా చేసింది. నాలుగుసార్లూ ముఖం మాట వినలేదు.

ఆ శుక్రవారమే వదిన వచ్చింది, అద్దాలు మార్పించుకోడానికి. ఇంకొక్కటిగారి అక్క ఆవిడ. ఆసుపత్రిలో నర్సుగా ముప్పై ఆరేళ్లు చేసి రిటైరైంది. కుర్చీలో కూర్చుని, ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టించుకుని, గోడ మీది అక్షరాలు చదువుతోంది.

"మూడో వరుస కనిపిస్తోందా వదినా?"

"కనిపిస్తోంది. అన్నట్టు మరదలా, నిన్న మీ ఆయన పడిపోలేదు తెలుసా!"

"ఎక్కణ్నుంచి?"

"ఎక్కణ్నుంచేంటి, కుర్చీలోంచి. ఇన్నాళ్లకి మొదటిసారి. నాలుగో వరుస మసగ్గా ఉంది."

ఆవిడ చేతిలో అద్దం ఆగిపోయింది. "కుర్చీలోంచి ఎందుకు పడిపోతారు?"

"నీకు చెప్పలేదా వెధవ! వాడికి సూదంటే చచ్చేంత భయం కదే. చిన్నప్పుడు బడికి టీకాలవాళ్లొస్తే వీడు బీరువాలో దూరి లోపల్నుంచి తలుపు పట్టుకున్నాడు. ముగ్గురు మాస్టర్లు లాగితే బీరువా వచ్చింది గానీ వీడు రాలేదు. అలాంటివాడు నాలుగైదు నెల్లకిందట వచ్చి, 'అక్కా, సూది చూస్తే కళ్లు తిరక్కుండా చేయి' అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి గురువారం వస్తాడు."

గురువారాలు లిఫ్టు ఫిర్యాదులొస్తాయని ఇంట్లో చెప్పి వెళ్లేవాడు.

"వచ్చి?"

"మొదట ప్యాకెట్టు చూడమన్నాను, పడ్డాడు. పదిహేను రోజులకి ప్యాకెట్టు విప్పితే పడ్డాడు. రెండు నెలలయ్యాక నారింజపండుకి గుచ్చమన్నాను. నారింజ బానే ఉంది, వీడు పడ్డాడు. నిన్న ధనుర్వాతం టీకా వాడికే వేశాను. కళ్లు తెరుచుకునే ఉన్నాడు! అద్దం మార్చవేమే, మెడ పట్టేస్తోంది."

"ఎందుకని అడగలేదా నువ్వు?"

"అడిగాను. 'మా ఆవిడ కోసం' అన్నాడు." వదిన ఫ్రేములోంచి ఒక్కక్షణం మరదలి ముఖం చూసింది. మళ్లీ గోడకేసి తిరిగింది. "ముప్పై ఆరేళ్లు వార్డులో చేశాను. ఏది అడగాలో తెలుసు, ఏది అడక్కూడదో ఇంకా బాగా తెలుసు. ఇప్పుడు బాగుంది. నాలుగోది కూడా చదవనా?"

ఆ సాయంత్రం ఆయన బూట్లు విప్పుతుంటే ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది.

"వదిన చెప్పింది."

ఆయన ఒక బూటు చేత్తో పట్టుకుని ఉండిపోయాడు.

"భయమని నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు 'పోనీలెండి' అనేదానివి."

ఆ మాట అప్పటికి రెండు రోజులుగా ఆవిడ నాలుక మీదే ఉంది. మింగేసింది.

"అయితే నా కోసం కళ్లు తిరిగి పడిపోతూ ఉంటారా? నాకొద్దు అలాంటిది. మీకిష్టం లేకపోతే లేదనండి. నేనేమీ అనుకోను."

ఆయన బూటు కింద పెట్టాడు. జతలో రెండోదాని పక్కకు సరిగ్గా జరిపాడు. ఇంకాసేపు జరిపాడు.

"మొదట్లో లేదు. నీకు కావాలి కదా అనే వెళ్లాను. కానీ ఆ రోజు ఇస్త్రీ చేస్తూ చెప్పావు చూడు, అప్పుడు నీ ముఖం... పద్దెనిమిదేళ్లలో నేను ఆ ముఖం చూడలేదు. పడి లేచినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. అది నా చేతుల్లోంచి రావాలని ఉంది నాకు. నిజంగా ఉంది."

ఇంట్లో ఇద్దరే ఉన్నా ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు తగ్గించాడు. ఆవిడ ఆ బూట్ల పక్కనే నేల మీద కూలబడి, ఆయన మోకాలికి తల ఆనించింది.

ఆదివారం తెరలు దించారు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. తొడుగులు వేసుకున్నాడు. ఆవిడ బోర్లా పడుకుని చెంప దుప్పటికి ఆనించి ఎదురుచూసింది. ఆయన మెడ పక్కకు వంగుతుందేమోనని ఓరగా చూసింది. వంగలేదు. వీపు మీద చల్లగా తడి తగిలి ఆరింది.

"పెట్టనా?"

"ఊఁ."

చిన్నది. చీమంత. ఇన్నేళ్లుగా ఒంట్లో తావు దొరక్క తిరిగిందేదో వచ్చి ఆ ఒక్కచోట కూర్చుంది. దాని చుట్టూ మిగతా ఒళ్లంతా నెమ్మదిగా నిద్రపోయే పిల్లిలా సర్దుకుంది. ఆవిడ ఊపిరి వదిలింది. కళ్లలోంచి నీళ్లు జారి దుప్పటిలోకి ఇంకాయి, అవి ఏడుపువి కావు. ఆయన వంగి ముఖం చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి సూది తీశాడు, గాజుగుడ్డ అద్దాడు, పట్టీ అంటించాడు. పుస్తకంలో ఒకటి పెట్టినట్టు, ఒకటి తీసినట్టు రాశాడు. సూదిని ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత టప్పుమనేదాకా నొక్కాడు. తొడుగులు విప్పాడు. అప్పుడు, పద్ధతి ప్రకారం, కింద పడిపోయాడు.

ఆవిడ వీపు మీద పట్టీతో వంటింట్లోకి పరిగెత్తి పంచదార నీళ్లు కలుపుకొచ్చింది. ఆయన తల ఒళ్లో పెట్టుకుని, పొడుగాటి జాబితా మడిచి దాంతోనే విసిరింది. నవ్వాపుకోలేక చెయ్యి ఊగి సగం నీళ్లు ఆయన చొక్కా మీదే ఒలికాయి.

ఆయన కళ్లు తెరవలేదు గానీ, పెదాలు కదిలాయి.

"వచ్చే ఆదివారం రెండు పెడదామా?"